పొట్టి అల మీద గాబ్రియేలు

వేంపల్లె, 21 జనవరి 1945

నేను చెప్తాను, నా కోడలు జ్ఞానమణి రాస్తుంది. నాకు అక్షరం రాదు. నేను "ఉండాది" అంటే తను "ఉంది" అని రాస్తుంది, మిషను బడిలో అట్లా నేర్పారట. రాసుకోనీ. మాట నాదైతే చాలు.

మద్రాసు ఆఫీసరు నన్నొక పని అడిగాడు. రోజూ సాయంత్రం మా బడిలో ఉన్న రేడియో పెట్టెలో మాట ఎట్లా వచ్చిందో చెప్పాలి. అది వేరే కాగితం మీద ఆయనకు పోతుంది. నా కడుపులో ఉన్నది ఆయనకెందుకు? అది ఇందులో ఉంటుంది. ఎవరికీ చదివి వినిపించేది కాదు.

ఆ పెట్టె తాళం ఏసురాజు మొలతాడుకు ఉంటుంది. వాడు నా చనిపోయిన అన్న కొడుకు, జ్ఞానమణికి సొంత అన్న, మా పల్లెకు పంతులు, ఆదివారం వాక్యం చెప్పేదీ వాడే. తల్లి పోతే నా చేతి మీద పెరిగాడు. ఊరి చావడిలో ఇంకొక పెట్టె ఉందిగానీ ఆ అరుగు మీదికి మా పల్లెవాళ్లను ఎక్కనీయరు. మాకు ఇదొక్కటే.

నా కొడుకు గాబ్రియేలు పట్టాళంలో చేరకముందే ఈ పెట్టె వచ్చింది. గుడి కప్పు మీదికెక్కి దీని తీగ కట్టింది వాడే. సింగపూరు జపానువాళ్ల చేతికి పోయినప్పటి నుంచి వాడి జాడ లేదు. ఆచూకీ తెలియలేదని సర్కారు నుంచి ఒక కాగితం వచ్చింది, అంతే. కడపలో ఒకామె కొడుకు మాట రేడియోలో వచ్చిందట. ఖైదీలను శత్రువులే రేడియో ముందు నిలబెట్టి మాట్లాడిస్తారట. ఆ స్టేషను తిప్పమని ఏసురాజును ఎన్నిసార్లడిగానో.

"మన పెట్టెకు అందదత్తా" అన్నాడు.

వాడు చదువుకున్నవాడు. అందదంటే అందదు.

23 జనవరి

ఆఫీసరు అరవదేశం ఆయన. తెలుగు రాదు. ఇంగ్లీషులో చెప్తే ఏసురాజు మాకు తెలుగులో చెప్పాడు. బడి బల్ల మీద సుద్దముక్కతో నేల గీశాడు, ఆకాశం గీశాడు. మాట అలలుగా పోతుందట. పొట్టి అల పైకి పోయి ఆకాశానికి తగిలి ఎక్కడో దూరాన పడుతుందట. మధ్యలో ఉన్నవాళ్లకు ఏమీ పడదట. నడిమి అల నేల పట్టుకుని నడుస్తుందట. దగ్గరివాళ్లకు బాగా వినిపించి, నాలుగు కొండలు దాటేసరికి అలసిపోతుందట.

"పొట్టిదేమో సముద్రాలు దాటతాది, దానికంటే పొడుగుదేమో ఈడ్నే కూలబడతాది. ఏం పేర్లప్పా ఇవి?" అన్నాను.

అందరూ నవ్వారు. ఏసురాజు ఆ మాట ఇంగ్లీషులో చెప్తే ఆఫీసరు కూడా నవ్వాడు.

యుద్ధం అయిపోయాక పల్లెలకు ఏ దారిన మాట పంపాలో వాళ్లు తేల్చుకోవాలట. మద్రాసు నుంచి పొట్టి అల మీద పంపడమా, జిల్లాకొక చిన్న స్టేషను పెట్టి నడిమి అల మీద పంపడమా. దానికోసం సర్కారు బంగళా దగ్గర లారీ నిలబెట్టి, స్తంభం ఎత్తి, నడిమి అల పంపి చూస్తున్నారు. మేము రెండూ విని చెప్పాలి.

ఇంత వయసుకు ఒక సర్కారు మనిషి నన్ను ఏది మేలు అని అడిగాడు. గాబ్రియేలు ఉంటే నవ్వి చచ్చేవాడు.

26 జనవరి

పొట్టి అల: రెండు మాటలు వచ్చి మునిగింది, మళ్లీ తేలింది. నడిమి అల: బాగుంది.

29 జనవరి

పొట్టి అల: గాలివాన శబ్దం. బయట ఆకు కదలడం లేదు. నడిమి అల: బాగుంది.

3 ఫిబ్రవరి

పొట్టి అల ఈ రోజు చక్కగా వచ్చింది. మద్రాసు పక్కనే ఇంకేదో దేశం మాట, ఏ భాషో తెలియదు, మంచి గొంతు. ఏసురాజు గబుక్కున మీట తిప్పేశాడు.

"ఉండనీరా, ఇంకొంచెం విందాం."

"అది మనది కాదత్తా. పోలీసు ఇన్‌స్పెక్టరుకు తెలిస్తే పెట్టె ఎత్తుకపోతాడు."

వాడికి పల్లె మీద ఎంత జాగ్రత్త!

24 ఫిబ్రవరి

ఈ రోజు తీర్పు రోజు. పల్లె అంతా బడిలో కూర్చుంది. ఆఫీసరు ముందు పొట్టి అల వినిపించాడు. బావిలో పడ్డవాడు అరిచినట్టు వచ్చింది. తర్వాత నడిమి అల. పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. వేరుశనగ ధర చెప్పాడు, ఒక భజన వేశాడు, ఆడవాళ్లు తల ఊపారు.

అప్పుడు ఆఫీసరు శానాసేపు ఇంగ్లీషులో చెప్పాడు. ఒకసారి పెట్టె మీటను చూపించాడు. ఒకసారి నన్ను చూపించాడు. ఏసురాజు మా వైపు తిరిగి, "ఏది బాగా వినపడతాందో దానికి చెయ్యెత్తాలంట" అన్నాడు.

"అంతసేపు చెప్పింది ఇంతేనా?" అన్నాను.

"ఇంతే అత్తా. ఇంగ్లీషు సాగదీసే భాష."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పొట్టి అలకు ఎవరూ ఎత్తలేదు. నడిమి అల అనగానే అందరూ నా వైపు చూశారు. ఏసురాజు నా చెవి దగ్గరికి వంగి, "నువ్వెత్తు అత్తా, నువ్వెత్తితే అందరూ ఎత్తతారు" అన్నాడు. ఎత్తాను. వెనకాల అన్ని చేతులూ లేచాయి.

ఆఫీసరు నా వైపు ఒక రకంగా చూశాడు. నేను బాగా చెప్పానని అనుకున్నాను.

18 మార్చి

పాత పెట్టె తీసుకుపోయారు. కొత్తది చిన్నది. ఒకటే మీట, అది గొంతు పెంచడానికి తగ్గించడానికి.

"ఇంకో మీట యాడరా?"

"దీనికి ఉండదత్తా. లారీ పోయినాక జమ్మలమడుగు దారిలో స్తంభం ఏస్తారు. అదొక్కటే పలుకుతాది."

"సింగపూరు?"

"అది ముందు గూడా అందలేదు గదా."

నిజమే. అందనిదానికి మీట ఎందుకు? వాడు నా చేతి మీద పెరిగాడు. జ్ఞానమణి ఆ రాత్రికి అన్నం తినలేదు.

2 ఏప్రిల్

చాలా స్పష్టంగా వస్తోంది.

15 ఏప్రిల్

స్పష్టంగా వస్తోంది. వేరుశనగ ధర తగ్గిందని ఎంత స్పష్టంగా చెప్తారో.

9 జూన్

జ్ఞానమణీ, ఇది తప్పు లేకుండా రాయి.

పీర్ బాషాకు నూనెమిల్లు ఉంది. మా పెట్టె బ్యాటరీ అక్కడే ఇంజనుకు తగిలించి, నింపి, బండి మీద తెచ్చిస్తాడు. పెద్దమనిషి. ఈ రోజు బ్యాటరీ దించి, చెట్టు నీడన నీళ్లు తాగుతూ, గొంతు తగ్గించి అడిగాడు:

"అవ్వా, గాబ్రియేలు మళ్లా మాట్లాడినాడా?"

నాకు అర్థం కాలేదు. "యాడ మాట్లాడేదప్పా?"

"అదే, ఆ పొద్దు రేడియోలో వచ్చినాడే. మీకు చెప్పినాడు గదా పంతులు?"

ఆయన్నే చూశాను. ఆయన చెంబు కింద పెట్టాడు.

"చెప్పలేదా?" అన్నాడు. "యా అల్లా. అవ్వా, నిజంగా చెప్పలేదా?"

ఆయన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పించాను. పోయిన క్రిస్మసుకు ముందు, నవంబరులో. బ్యాటరీ బిగించడానికి వచ్చాడట. బడిలో ఏసురాజు ఒక్కడే ఉన్నాడట, పెట్టెకు చెవి ఆనించి మీట తిప్పుతున్నాడట. ఖైదీల మాటలు వస్తున్నాయట, ఒకడి తర్వాత ఒకడు. ఉన్నట్టుండి మన తెలుగు. "నా పేరు గాబ్రియేలు. కడప జిల్లా, వేంపల్లె, విశ్వాసమ్మ కొడుకుని." తర్వాత "బావా" అన్నాడట. అంతే. ఏసురాజు మీట తిప్పేశాడట.

"నేను అరిచినా అవ్వా, ఏం పంతులూ, పిల్లోడు మాట్లాడతాంటే అని. నేనే ఇంట్లో చెప్తా, నువ్వు యాడా అనొద్దు, పోలీసుల పని అన్నాడు. మీరు గూడా బయటికి అనడంలేదంటే భయపడి దాచుకున్నారనుకుంటి. అడిగితే బాధ పెట్టినట్టయితాదని ఇన్నాళ్లు అడగలేదు."

వాడు బతికి ఉన్నాడు. నవంబరులో బతికి ఉన్నాడు. నా పేరు చెప్పాడు.

జ్ఞానమణి కలం ఆపింది. ఏసురాజు నీకు అన్న అయితే నాకు పెంచిన కొడుకు. రాయి.

10 జూన్

ఏసురాజు కడపకు పోయాడు. రేపు వస్తాడట.

11 జూన్

వచ్చాడు. గడప దగ్గరే నిలబెట్టాను.

"నా కొడుకు బావా అని పిలిస్తే ఏం చేసినావురా?"

చెల్లెలి వైపు చూశాడు, అది గోడ వైపు తిరిగింది.

"అత్తా, విను. పెట్టెకు అందదని నీకు చెప్పినా గానీ నేను వెతుకుతానే ఉంటి. నెలల తరబడి ఒక్కణ్ణే కూచ్చోని వెతికినా. దొరికితే నీకు చెప్దామనే."

"దొరికినాడు గదా."

"దొరికినంక భయమేసినాది. అంతకు ముందే ఇన్‌స్పెక్టరు వచ్చి పోయినాడు, యా పెట్టెలో శత్రువుల స్టేషను వింటాండారని. పీర్ బాషా పక్కనే ఉండె. నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావా? పల్లెంతా వచ్చి కూచ్చుంటాది. పెట్టె పోతాది, బడి పోతాది. యుద్ధం అయినంక చెప్దామనుకుంటి."

"వాడు బావా అన్నంక ఏం చెప్పినాడు?"

మొలతాడుకున్న తాళం పట్టుకున్నాడు.

"చెప్పరా."

"తెల్దు అత్తా. వెంటనే తిప్పేసినా. విన్లేదు."

నేను వాడిని కొట్టలేదు. కొట్టి ఉంటే వాడికి తేలికయ్యేది. నా కొడుకు గొంతు సముద్రాలు దాటి, ఆకాశానికి తగిలి, నేరుగా మా బడిలో పడింది. పడినచోట వీడున్నాడు.

"నా చెయ్యి యాల ఎత్తించినావు?"

"కొత్త పెట్టె వస్తే ఇంక భయం ఉండదనుకుంటి."

ఎవరికి భయం ఉండదు?

12 జూన్

ఏమీ లేదు.

17 జూన్

మా గుడి సంఘ పెద్దలను పిలిచి నా వ్యాజ్యం చెప్పాను. తాళం వాడి దగ్గర నుంచి తీసేయాలి, పాత పెట్టె తెప్పించాలి. పెద్ద ప్రేమయ్య గొంతు సవరించుకుని, "పల్లె కోసమే చేసినాడు గదా విశ్వాసమ్మా, మన్నించు" అన్నాడు. ప్రేమయ్య పెళ్లాం, "ఇప్పుడు పాటలు ఎంత బాగా వస్తాండాయో" అంది. నా కానుపుకు వచ్చిన మనిషి, నా కొడుకును మొదట చేతుల్లోకి తీసుకున్న మనిషి, పాటలు బాగా వస్తున్నాయంది.

మొన్న నేను చెయ్యెత్తితే వీళ్లంతా ఎత్తారు. ఈ రోజు నా వెనక పీర్ బాషా ఒక్కడే నిలబడ్డాడు. ఆయన సంఘం వాడు కాదు, ఆయన మాట లెక్కలోకి రాదన్నారు.

5 జులై

ఆఫీసరు బంగళాలో దిగాడని తెలిసి పోయాను. ఏసురాజును రానీయలేదు. పీర్ బాషాను తీసుకుపోయాను, ఆయన ఉర్దూలో చెప్తే ఆఫీసరుకు కొంచెం అర్థమవుతుంది.

ఆ రోజు మీరు శానాసేపు ఏం చెప్పారని అడిగించాను. ఆయన ఆశ్చర్యపోయాడు. చేతులు ఊపుతూ చెప్పాడు. పీర్ బాషా వింటూ వింటూ నా ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పాడు:

"నడిమి అల పెట్టె ఎంచుకుంటే ఇంక దూరదేశాల మాట దాంట్లో రాదు, పట్టాళానికి పోయినోళ్ల ఇండ్లవాళ్లు బాగా ఆలోచించి చెప్పండి అన్నాడంట అవ్వా. మీ కొడుకు సింగపూర్లో ఉండాడని పంతులే ముందు చెప్పినాడంట. అందుకే నిన్ను చూపించినాడంట. నువ్వు పొట్టి అలకు ఎత్తతావని ఎదురుచూసినాడంట. నువ్వు ఇట్ల ఎత్తితే ఆశ్చర్యపోయినాడంట."

"ఇప్పుడు మార్చమని చెప్పు."

కాగితాలు ఢిల్లీకి పోయాయట. మాలాంటి పల్లెలు ఇంకా ఎన్నో ఇదే చెప్పాయట, స్పష్టమైన గొంతు కావాలని. దగ్గరివాళ్లకు నడిమి అల మేలు, దూరంలో మనిషి ఉన్నవాళ్లకు పొట్టి అల తప్ప దారి లేదు, రెండూ పలికే పెట్టెలు పెట్టాలి అని తను కూడా రాశాడట. యుద్ధం ముగిసేదాకా అంత డబ్బు పల్లెల మీద పెట్టరట.

ఆయన మంచివాడే. లేచి నిలబడి దండం పెట్టాడు. ఆ దండం ఏం చేసుకోను?

16 ఆగస్టు

యుద్ధం అయిపోయిందని పెట్టె చెప్పింది. చాలా స్పష్టంగా. ఏసురాజు గంట కొట్టించాడు. వాకిట్లోకి వచ్చి, "ఇంక వస్తాడత్తా" అన్నాడు. చెంబులో నీళ్లు వాడి కాళ్ల ముందు పోశాను, నీళ్లొదులుకున్నట్టు.

2 సెప్టెంబరు

వస్తాడు. ఖైదీలను ఓడల్లో తెస్తున్నారు. జ్ఞానమణి ఇల్లు అలికింది.

30 సెప్టెంబరు

ఓడలు ఒకటే రోజు అన్నీ రావు.

21 అక్టోబరు

రాలేదు.

11 నవంబరు

వచ్చింది కంబన్న.

మంత్రాలయం దగ్గరివాడు. కడపలో రైలు దిగి అడుక్కుంటూ నడిచి వచ్చాడు. ఎముకల మీద చొక్కా వేసినట్టున్నాడు. గడపలో కూర్చుని, "విశ్వాసమ్మ అవ్వ నువ్వేనా?" అన్నాడు. ఆ అడగడంలోనే నాకు తెలిసిపోయింది. జ్ఞానమణికీ తెలిసింది.

మార్చిలో, జ్వరంతో. ఖైదులో ఇద్దరూ ఒకే గుడిసెలో ఉండేవాళ్లట. కంబన్నే మట్టి వేశాడట. ఇంకేమీ అడగలేదు.

నీళ్లు తాగి కంబన్న అన్నాడు: "మీరు రెండోసారి విన్నారు గదవ్వా? మొదటిసారి వానికి ఊపిరి తిప్పుకునే పొద్దే ఇచ్చినారు. శానామంది ఉండారని. పేరు చెప్పి, 'బావా, మా అమ్మను జ్ఞానమణిని పిలుచుకోని రా, వచ్చే వారం ఇదే పొద్దుకు మాట్లాడతా' అన్నాడు. వాడు పిలుచుకోని వస్తాడు, వానికాడనే తాళం అని సంతోషపడినాడు."

జ్ఞానమణి నోట్లో కొంగు కుక్కుకుంది.

"వచ్చే వారం మాట్లాడినాడా?" అన్నాను.

"మాట్లాడినాడవ్వా. నా వంతు గూడా వానికిచ్చినా. నాకు తల్లి లేదు, ఎవరికని చెప్పేది? అందరికంటే ఎక్కువసేపు మాట్లాడినాడు. మీరు వినలేదా?"

నా కొడుకు ఎక్కువసేపు మాట్లాడాడు. ఆ వారం మా బడికి తాళం వేసి ఉంది.

"ఏం మాట్లాడినాడో నీకు గుర్తుండాదా?"

"మాట మాట గుర్తుండాది. గుడిసెలో ఎన్ని దినాలు చెప్పుకోని నేర్చుకున్నాడో. చెప్పమంటావా?"

"ఆగు" అన్నాను. "ఈడ వద్దు."

అదే రోజు, దీపాల వేళ

పల్లెను బడికి రమ్మన్నాను. చెయ్యెత్తినవాళ్లంతా వచ్చారు. పెద్ద ప్రేమయ్య, వాడి పెళ్లాం, అందరూ. పీర్ బాషాను ముందు కూర్చోబెట్టాను. పెట్టెలో ఎవరో పాడుతున్నారు. ఏసురాజుతో, "కట్టెయ్" అన్నాను. కట్టేశాడు. "నా ఎదురుగా కూర్చో" అన్నాను. కూర్చున్నాడు.

కంబన్న పెట్టె పక్కన నిలబడ్డాడు.

"మొదటి మాట 'అమ్మా, వినపడతాందా?' అన్నాడు" అని చెప్పి ఆగాడు. ఎంతసేపటికీ తర్వాతి మాట చెప్పలేదు.

"చెప్పప్పా" అన్నాడు ప్రేమయ్య.

"వాడు ఇట్లనే ఆగినాడయ్యా. అది ఒకవైపే పోయే మాట, జవాబు రాదు అని ఎంత చెప్పినా వినలేదు. మా అమ్మ పలికేదాకా ఉండాల అన్నాడు. ఆడ ఉండే జపానోడు చెయ్యి ఊపతాండాడు, కానీ కానీ అని. వీడు నిలబడినాడు. నేనే వెనకాల్నుంచి, 'పలికిందిలేరా, నాకు వినపడింది, చెప్పు' అన్నా."

"వినపడతాందిరా" అన్నాను. నా గొంతు బాగానే వచ్చింది.

కంబన్న కళ్లు తుడుచుకుని, గాబ్రియేలు నిలబడినట్టు నిలబడి చెప్పాడు. నిన్ను అడక్కుండా పట్టాళంలో చేరినా, కోపం పెట్టుకోవద్దు. ఈడ తినేదానికి వేరుశనగ దొరకదు, యాడ చూసినా కొబ్బరే, కొబ్బరి చూస్తే పారిపోవాలనిపిస్తాది. జ్ఞానమణీ, నువ్వు నేర్పిన అక్షరాలు మర్చిపోలేదు, ఇసకలో మన ఇద్దరి పేర్లు రాసినా. అమ్మా, నా గురించి ఏడ్వొద్దు. బావ ఉండాడు. బావ మంచోడు. నేను లేకపోతే నీకు కొడుకు వాడే, వాని మాట నమ్ము.

ఆ మాట దగ్గర ఏసురాజు లేచాడు. వాకిలి వైపు కదిలాడు.

"కూర్చో" అన్నాను. "ఈ పొద్దు చివరిదాకా వినాల్సిందే."

నిలబడే ఉన్నాడు. జ్ఞానమణి లేచి పోయి, అన్న చెయ్యి పట్టుకుని తెచ్చి, నా ఎదురుగా కూర్చోబెట్టి, తను వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"చెప్పు కంబన్నా" అన్నాను. "ఇంకా ఉండాది గదా?"